అమ్మ ముట్టించాల్సిన పొయ్యి

మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసేటప్పటికి నేను మదనపల్లెలో మా ఇంటి వరండాలో కూర్చుని కొత్తిమీర ఏరుకుంటున్నాను.

"అక్కా, ఊర్లో పాత మిద్దె పడగొడతాండాము. మీ ఇనప పొయ్యి ఉండాది కదా, పాత సామాన్లోడు వచ్చి నిలబడుండాడు. ఇచ్చేసేదా?"

దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనని, ఆటోలో వేసి పంపమని చెప్పాను.

"ఇంట్లో గ్యాసు పెట్టుకోని దాంతో ఏం చేస్తావక్కా?" అని నవ్వాడు. ఏం చేస్తానో నాకు మాత్రం ఏం తెలుసు? ఇవ్వొద్దన్నాను, అంతే. ఈ వయసులో నాకు అడిగిన ప్రతిదానికీ కారణం చెప్పే ఓపిక లేదు.

సాయంత్రానికి పొయ్యి వచ్చింది. ఇద్దరు మనుషులు ఆపసోపాలు పడుతూ దాన్ని పెరట్లో దించారు. నాలుగు కాళ్లలో ఒకటి విరిగిపోయింది. పైన కోడిరెట్టలు, పక్కల తుప్పు. తలుపు మీద పోతపోసిన సింహం ముఖం మాత్రం అలాగే గుడ్లురుముతూ ఉంది. దాని నుదుటి మీద కుంకుమ మరక నల్లబడి గట్టిపడింది. ఎడమ పక్క పలకలో జానెడు పైచిలుకు పగులు, ఆ పగుల్లో కూరిన అతుకు కూడా ఉంది. చేత్తో తడిమాను. గరుకుగా, కాస్త ఉబ్బెత్తుగా తగిలింది. అది మా అవ్వ వేసిన అతుకు.

మా ఊరు పుంగనూరుకూ పెద్దపంజాణికీ మధ్య, రోడ్డు మీది నుంచి చూస్తే కనబడనంత చిన్నది. మాది మట్టిమిద్దె. వంటింటి కప్పులో పొగ పోవడానికి ఒక గవాక్షి ఉండేది. ఇంట్లో నాయన, అమ్మ, నాయన్ను కన్న అవ్వ, నేను. అమ్మది కుప్పం వైపు, గుడుపల్లె దగ్గర ఒక పల్లె. ఆమె మాటల్లో అక్కడక్కడా అరవం దొర్లేది. దానికి అవ్వ వెక్కిరించేది, అమ్మ నవ్వి ఊరుకునేది. అమ్మకు ఉబ్బసం.

చలికాలం వస్తే మంచు దిగి, బయటికి పోవాల్సిన పొగను మళ్లీ ఇంట్లోకే తోసేది. అమ్మ సంగటి గెలికి, కుండ దించి, పరుగున బయటికి వచ్చి ఎద్దుల్ని కట్టే గుంజ పట్టుకుని నిలబడేది. ఊపిరి అందేదాకా మాకు ముఖం చూపేది కాదు. నేను దగ్గరికి పోతే చెయ్యి ఊపి పొమ్మనేది. మాట్లాడాలంటే ఊపిరి ఉండాలి కదా. అందుకని వంట చేసేటప్పుడు ఆడవాళ్లు మాట్లాడకూడదేమో అని నేను చాలా కాలం అనుకున్నాను.

ఆ ఏడు చేలో చిక్కుళ్లలాంటి అనపకాయలు విరగకాశాయి. అనపకాయల వాసన తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా ఎక్కదు. మంచుకు తడిసిన చేలోంచి కాయలు కోసుకొస్తే చేతులకు ఆ జిడ్డు పట్టి, ఎన్నిసార్లు కడిగినా వాసన పోయేది కాదు. బడిలో పలక మీద కూడా అదే వాసన. ఇంట్లో పూట పూటకూ అనపగింజలే. పులుసు, తాలింపు, నానబెట్టి తొక్క పితికితే పితికిపప్పు. వేడి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పితికిపప్పు పోసుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. అమ్మ చేసినట్టు మళ్లీ ఎవరూ చేయలేదు. నేను కూడా చేయలేకపోయాను.

ఆ రోజుల్లోనే నాయన టమాటాలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయి, తిరిగి వస్తూ ఈ పొయ్యిని టెంపోలో వేసుకొచ్చాడు. హార్సిలీ కొండ మీద ఎవరో దొరలు చలికి వాడుకున్నదట. చేతులు మారి మారి పాత ఇనుప సామాన్ల అంగడికి చేరింది. నలుగురు మోసి దించారు. ఊళ్లో సగం మంది చూడడానికి వచ్చారు.

"ఏందిరా ఇది, ఇంజనా?" అంది అవ్వ.

"పొయ్యి అమ్మా."

"పొయ్యికి కాళ్లెందుకురా? యాడికన్నా పోతాదా?"

పక్కనున్నవాళ్లందరూ నవ్వారు. నాయన మాత్రం నవ్వకుండా రేకు గొట్టాన్ని దానికి తగిలించి, గవాక్షిలోంచి పైకి పంపి, సందుల్లో మన్ను మెత్తాడు. పొగంతా ఆ గొట్టంలోంచి బయటికే పోతుందని, ఇక ఇంట్లోకి రాదని చెప్పాడు. అవ్వ ముక్కు విరిచింది. నిలబడి వండిన కూడు ఒంటికి పట్టదంది. "నేను దాన్ని ముట్టను, సూడండి" అని మూడురాళ్ల పొయ్యి వేసుకోవడానికి పెరట్లోకి పోయింది.

ఆమె అటు పోయాక నాయన అమ్మతో ఒక మాట చెప్పాడు. "ఒకటే గుర్తుపెట్టుకో. కాగిన ఇనుము మింద సన్నీళ్లు పడగూడదంట. అంగిడాయన మరీ మరీ చెప్పినాడు." అమ్మ తలూపింది. అవ్వకు కూడా చెప్పాలని ఎవరికీ తోచలేదు. ముట్టనని చెప్పి వెళ్లిన మనిషికి చెప్పి ఏం చేస్తారు?

మరుసటి పొద్దున అమ్మ పొయ్యి ముట్టించింది. కాసేపు ఇటూ అటూ చూసింది, పొగ ఎక్కడైనా దాక్కుని ఉందేమోనన్నట్టు. లేదు. ఎసరు మరిగింది, పిండి పోసింది, సంగటి గెలికింది. గుంజ దగ్గరికి పోలేదు. తెడ్డు చేతిలో పట్టుకుని, నా వైపు తిరిగి, "పాపా, నేను నీ అంత ఉన్నప్పుడు ఏమాయెనో తెలుసా?" అని మొదలుపెట్టింది.

పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తూ ఆకుల గుట్టలోనే నిద్రపోతే, వాళ్లమ్మ ఊరంతా వెతికి ఏడ్చిన కథ అది. అమ్మ వంట చేస్తూ మాట్లాడడం నేను చూడడం అదే మొదలు. ఆ తరవాత రోజూ మాట్లాడేది. కుప్పం స్టేషన్లో ఆగే రైళ్లు, వాళ్ల నాయన కోపం, మా మామ చిన్నప్పటి దొంగతనాలు. నేను బడికి ఆలస్యమైనా కదిలేదాన్ని కాదు. అవ్వ పెరట్లోంచి, "ఆ పొయ్యికి నోరు లేకపోయినా దీనికి వచ్చిందే" అనేది. అంటూనే గడపలో వచ్చి కూర్చునేది, మాటలు వినబడేలా.

అవ్వ మెత్తబడడానికి సింహం కారణం. ఒకరోజు తలుపు మీద ముఖాన్ని తేరిపార చూసి, "ఇది నరసింహస్వామి కదా!" అంది. మా ఇలవేల్పు ఆయనే. వెంటనే కుంకుమ పెట్టింది. ఆ తరవాత చలికి మోకాళ్లు కాచుకోవడానికి దాని పక్కన చేరింది. నేను ఒకసారి స్వామి నోట్లో బెల్లం ముక్క పెట్టాను. వేడికి కరిగి కారి, మాడిన వాసన ఇల్లంతా నిండింది. అవ్వ వచ్చి చూసి నా చెవి మెలిపెట్టింది గానీ, మిగిలిన బెల్లం గోరుతో గీకి, ప్రసాదమని తను తిని నాకూ పెట్టింది. బూడిద అరలో నేను గెనుసుగడ్డలు దాస్తే అవి కాలే సమయం ఆమే గుర్తుచేసేది.

నెలలో అమ్మ ఇంట్లోకి రాకూడని రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో ఆమె పశువుల కొట్టం పక్కన చాప వేసుకుని ఉండేది. వంట అవ్వదే. తప్పనిసరై అవ్వ ఆ పొయ్యి దగ్గర నిలబడింది. "నడుము పట్టేసింది" అని సణుగుతూనే చేసింది. నాలుగో రోజు పొద్దున అమ్మ తలకు పోసుకుని లోపలికి రావాలి. అంతకుముందే పొయ్యిని పేడనీళ్లతో అలికి, ముగ్గు పెట్టి శుద్ధి చేయడం మా ఇంటి ఆచారం. మట్టిపొయ్యిని అవ్వ జన్మంతా అలాగే చేసింది.

ఆ పొద్దు మంచు బాగా కురుస్తోంది. కోడలు చన్నీళ్లు పోసుకుంటే ఆయాసం వస్తుందని అవ్వ ఇనుప పొయ్యి మీద పెద్ద అండాతో నీళ్లు కాచింది. మరిగిన నీళ్లు బయటికి మోసింది. అమ్మ వచ్చేలోగా అలికేయాలని, గబగబా లోపలికి వచ్చి, చల్లటి పేడనీళ్ల గిన్నె చేతబట్టుకుని పొయ్యి పక్క పలక మీద చల్లింది. ఒక చేరెడు చల్లేసరికే ఇల్లు అదిరేలా ఠప్పుమంది.

నేను ఉలిక్కిపడి లేచాను. అవ్వ గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పలకలో పగులు పడి, దాంట్లోంచి సన్నగా పొగ ఇంట్లోకి వస్తోంది.

"అత్తా, ఏమాయె?" అని బయట నుంచి అమ్మ అరిచింది.

"ఏం లేదమ్మా. నువ్వు నీళ్లు పోసుకో. చలికి నిలబడొద్దు" అంది అవ్వ. ఆమె గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు.

అమ్మ తడి జుట్టుతో లోపలికి వచ్చి చూసింది. పగులు కంటే ముందు అవ్వ ముఖం చూసింది. అవ్వ చేతిలోంచి గిన్నె తీసుకుని కింద పెట్టింది. ఆ పూట సంగటి కాగానే గుంజ దగ్గరికి పోయి నిలబడింది.

ఊరు ఊరుకుంటుందా? మొదటి నుంచీ గిట్టని పొయ్యి గనక ముసలామె కావాలనే పగలగొట్టిందన్నారు. బోరింగు దగ్గర ఒకామె ఆ మాట అమ్మ ముఖానే అంది. నేను బిందె పట్టుకుని పక్కనే ఉన్నాను. అమ్మ బిందె కింద పెట్టి, "మా అత్త గిట్టనిదాన్ని అలకదు. దాన్ని ఇంట్లోదిగా చేసుకుండాది కాబట్టే అలికింది. మీకు తెలీకపోతే గమ్మునుండండి" అంది. చెప్పేసరికి ఆయాసం వచ్చింది. ఆ మాట అవ్వకు ఎవరు చేరవేశారో తెలియదు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

నాయన మరలు విప్పి ఆ పలకను గోనెసంచిలో చుట్టి మదనపల్లెకు తీసుకుపోయాడు. నన్నూ వెంటబెట్టుకుపోయాడు. మార్కెట్టు దగ్గర కుళ్లిన టమాటాల పులుపు వాసన, లారీల హారన్లు, ఆ పక్కన సందులో వెల్డింగు అంగడి. వెల్డింగాయన తిప్పి తిప్పి చూసి, "పోత ఇనుమప్పా. అతుకు నిలుస్తాదని నమ్మకం చెప్పలేను" అంటూనే అతికించాడు. నాయన ముఖం వెలిగింది. పలక చల్లారుతుండగా టిక్కుమని చిన్న చప్పుడైంది. అతికిన గీత పక్కనే ఇంకో గీత పడింది. ఆయన కూలి తీసుకోకుండా, డబ్బాలో ఇనుము రాపిడికి రాలిన రజను పోసి ఇచ్చాడు. "పాతకాలంలో ఈ రజనులో ఉప్పు, పులిసిన గంజి కలిపి కూరేవాళ్లంట. తుప్పు పట్టి అదే బిగుసుకుంటాదంట. నేను చేసి సూళ్లేదు. అయితే అది గట్టిపడేదాకా తడి ఆరగూడదు, మంట తగలగూడదు."

మంట తగలకుండా ఎలా? రోజుకు రెండుసార్లు పొయ్యి వెలగాల్సిన ఇల్లు. నాయన పలకను మళ్లీ బిగించి, ఆ డబ్బాను అటక మీద పెట్టేశాడు. అవ్వ మాత్రం పుట్టమన్ను తెచ్చింది. చుట్టుపక్కల ఇళ్ల మట్టిపొయ్యిలన్నీ ఆమె చేతుల మీద లేచినవే. మన్నులో రాగిపొట్టు కలిపింది, బూడిద కలిపింది, బెల్లం నీళ్లు కలిపింది. పొద్దున అందరికంటే ముందు లేచి, జ్వరం చూసినట్టు పొయ్యి మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందని తేల్చుకుని పగుల్లో మెత్తేది. మంట పెట్టగానే ఇనుము కాగి, మన్ను పెళ్లలు పెళ్లలుగా రాలేది. మళ్లీ పొగ. మళ్లీ గుంజ. మరుసటి పొద్దున మళ్లీ మన్ను.

"పోనీలే అత్తా, ఇడ్సిపెట్టు" అనేది అమ్మ.

"నువ్వు గమ్మునుండు" అనేది అవ్వ, తల తిప్పకుండా.

అలా ఉండగా కుప్పం నుంచి మామ వచ్చాడు, అమ్మ తమ్ముడు. అక్క దగ్గడం చూసి, "అక్కను తోలుకోని పోతా. మా ఇంట్లో గ్యాసు ఉండాది, కొన్నాళ్లు పొగ లేకుండా ఉండనీ" అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. అనపకాయల కాలంలో ఇల్లు వదిలి ఎక్కడికి పోయేదని నవ్వింది. అప్పుడు అవ్వ అటక మీది డబ్బా దించమని నాయన్నడిగింది.

"పోమ్మా" అంది అవ్వ. "నువ్వు ఈడుంటే నన్ను బయట వండనియ్యవు, దీన్నే ముట్టిస్తావు. ముట్టిస్తే అతుకు నిలవదు. నువ్వు అట్ల పోయి వచ్చేలోపల ఇది గట్టిపడతాది. మేము పెరట్లో రాళ్ల మింద వండుకుంటాము."

"ఈ చలిలో బయటనా?"

"నాకేం రోగమా? నువ్వు పో. మొదటి మంట నువ్వే వచ్చి పెడుదువు."

అమ్మ పగులు మీద వేలు పెట్టి చూసింది. "నేను వచ్చేదాకా ముట్టించొద్దు అయితే" అంది.

"నీ పొయ్యి మాకెందుకు? నీదే అది" అంది అవ్వ.

నాకు బడి ఉందని నన్ను తీసుకుపోలేదు. పుంగనూరు బస్టాండులో అమ్మ బస్సు ఎక్కి, కిటికీలోంచి నా జుట్టు సవరించి, "అవ్వను మాటలాడిస్తా ఉండు పాపా. ఒకటే కుమిలిపోతాండాది" అంది. బస్సు పలమనేరు వైపు తిరిగేదాకా చెయ్యి కిటికీ బయటే ఉంది.

అవ్వ ఆ రజనుతో ముద్ద కలిపి పగుల్లో కూరింది. కట్టెపుల్లతో నొక్కి నొక్కి, సందు లేకుండా కూరింది. దాని మీద తడిగుడ్డ కప్పి, ఆరినప్పుడల్లా తడిపేది. నన్ను ఆ గదిలో గెంతనిచ్చేది కాదు. మంచులో, పెరట్లో, చింతకట్టెలు ఊదుకుంటూ వండేది. ముద్ద మొదట బూడిదరంగులో ఉండి, తరవాత ఎర్రబారి, చివరికి రాయిలా బిగుసుకుంది. ఒకనాడు అవ్వ గుడ్డ తీసి, తాళంచెవితో తట్టి, నన్ను పిలిచి వినమంది. గట్టిగా మోగింది. అమ్మ కుప్పం పోయినాక అవ్వ నవ్వడం అప్పుడే చూశాను.

నాయన ఒకసారి మంట పెట్టి చూద్దామన్నాడు.

"దాని చేత్తోనే ముట్టియ్యాలని చెప్పినా కదా. పోయి తోలుకోని రా" అంది అవ్వ.

నాయన తెల్లవారే బస్సుకు కుప్పం పోయాడు. అవ్వ సింహానికి పొడిగుడ్డతో తుడిచి కొత్త కుంకుమ పెట్టింది. పొయ్యి లోపల సన్న పుల్లలు, వాటి మీద ఎండు కట్టెలు పేర్చి తలుపు మూసింది. అగ్గిపెట్టె పైన పెట్టింది, అమ్మ వెతుక్కోకుండా. అనపగింజలు నానబెట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తొక్కలు పితికాము. గింజలు ఎగిరి ఎక్కడెక్కడో పడుతుంటే అవ్వ తిట్టలేదు. సాయంత్రం బస్సు చప్పుడు వినబడినప్పుడల్లా నేను వీధిలోకి పరుగెత్తాను.

బస్సులో ఎవరూ రాలేదు. పొద్దుగుంకే వేళకు ఫోనున్న అంగడాయన వచ్చి, గడప బయటే నిలబడి అవ్వను పిలిచాడు. రెండు రోజుల ముందు అమ్మకు చలిజ్వరం వచ్చిందట. ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చారట. నాయన పోయేసరికి ఇంకా మాట్లాడుతోందట. పొయ్యి బాగయిందా అని అడిగిందట. మధ్యాహ్నం తరవాత ఊపిరి అందలేదట.

పొగ లేని చోటనే పోయింది మా అమ్మ.

మరునాడు జీపులో తెచ్చారు. ముఖం ప్రశాంతంగా ఉందని అందరూ అన్నారు. నాకు అలా కనబడలేదు, ఏదో చెప్పబోయి ఆగినట్టు కనబడింది. అవ్వ ఏడవలేదు. "నేనే తోలితి, నేనే తోలితి" అని మాత్రం అంటూ ఉంది. మేము పితికిన పప్పు పులిసి వాసన వస్తుంటే, రెండు రోజుల తరవాత ఆమే తీసుకుపోయి కుడితితొట్టిలో పోసింది.

ఆ పొయ్యిని మళ్లీ ఎవరూ ముట్టించలేదు. గ్యాసు వచ్చేదాకా అవ్వ పెరట్లో రాళ్ల మీదే వండింది. వానాకాలంలో కూడా. నాయన ఏమైనా అనబోతే, "అది దానిది" అనేది. శుక్రవారం శుక్రవారం పొడిగుడ్డతో తుడిచేది. నీళ్లచుక్క తగలనిచ్చేది కాదు. అతుకు నిలిచిందో లేదో కూడా ఎవరికీ తెలియకుండానే అవ్వ పోయింది, నాయనా పోయాడు.

నిన్న మా అబ్బాయి పొయ్యి చుట్టూ తిరిగి చూసి హుషారుపడ్డాడు. "దీన్ని రిపేరు చేయిద్దామమ్మా. కాలు పెట్టించి, ఆ పగుల్లో చెత్తంతా మిషన్‌తో తీసేసి కొత్తగా అతికిస్తారు" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికి ఇవేవీ నేను చెప్పలేదు. చెత్త కాదు, దాని జోలికి పోవద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. పాపం, బిత్తరపోయాడు.

ఈ పొద్దున వాడు పనికి పోయాక విరిగిన కాలి కింద ఇటుకలు పెట్టాను. కొత్త రేకు గొట్టం తగిలించాను. తుప్పు పట్టిన తలుపు సుత్తితో తట్టి తట్టి తెరిచాను. లోపల అవ్వ పేర్చిన కట్టెలు ఉన్నాయి. పురుగు తొలిచి, సగం పొడై, దారిలో కుదుపులకు ఒక మూలకు జరిగాయి గానీ ఉన్నాయి. వాటిని తీయబుద్ధి కాలేదు. చేత్తో మధ్యకు చేర్చి, పైన నాలుగు కొత్త పుల్లలు వేసి, అగ్గిపుల్ల గీశాను.

మంట అందుకుంది. ఇనుము మెల్లగా కాగింది. నేను పీట వేసుకుని ఆ పగులు దగ్గరే కూర్చున్నాను. మన్ను రాలినట్టు ఇదీ రాలుతుందేమోనని కింద నేల తడిమాను. చెయ్యి వేడికి దగ్గరగా పెట్టి చూశాను. ముఖం పెట్టి చూశాను. పొగ రాలేదు. ఇంకా రెండు కట్టెలు వేసి, మంట పెద్దది చేసి చూశాను. అయినా రాలేదు.

అవ్వ అతుకు పట్టింది. ఆ రోజే పట్టింది. ఆ సాయంత్రం అమ్మ బస్సు దిగి వచ్చి ఉంటే పొయ్యి ముట్టించి, పప్పు ఉడికేదాకా నిలబడి, కుప్పంలో ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పి ఉండేది.

కట్టెలన్నీ అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. ముఖం మీదికి పొగ రాలేదు. ఎవరూ మాట్లాడలేదు.